పంపినవారి చిరునామా

ఫిబ్రవరి 4

పిచ్చుకకి,

నువ్వు అచ్చువేసి పంపిన అడ్రసు చీటీలు అందాయి. నాలుగు రేడియోల మీదా నాలుగూ అతికించి నిన్ననే పోస్టులో వేశాను. ఇంతోటిదానికి ఉత్తరం ఎందుకు, ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నీ మాట నాకు స్టేషను సరిగ్గా పట్టని రేడియోలా వినిపిస్తోంది. ఎవరెవరివో రేడియోలన్నీ పలికించాను, నా చెవులు మాత్రం నా చేతికి లొంగలేదు. కాగితమే నయం. మళ్ళీ చదువుకోవచ్చు.

నువ్వు కంప్యూటర్లో నడిపే వేలంలో పోస్టు ఖర్చుకని పెట్టిన మొత్తం చూపిస్తే కౌంటరు దగ్గర అమ్మాయి జాలిగా చూసింది. ఉత్త రేడియో బరువు వేరు, పెట్టెలో పెట్టిన రేడియో బరువు వేరు. పెట్టె మరీ పెద్దదైతే బరువు కూడా చూడరట, టేపు పెట్టి కొలుస్తారు. అంటే లోపలి గాలికి కూడా టికెట్టు కొనాలి. కొన్నవాళ్ళ దగ్గర నువ్వు అంతే తీసుకున్నావు కాబట్టి తేడా నేనే కట్టాను. అది నీ లెక్కలో రాయకు.

పక్కన జిరాక్స్ షాపతను రేపు ఇంకో రెండింటి ఫొటోలు నీకు పంపిస్తానన్నాడు. బిల్డింగ్ ఓనరు నిన్న వచ్చి, మార్చి ఆఖరుకి షాపు ఖాళీ చేస్తే చాలు, ఏప్రిల్లో కూలగొట్టడం మొదలుపెడతాం అన్నాడు. మంచివాడే. టీ తాగి వెళ్ళాడు.

నేటికి జమ: నాలుగు ఖాళీ అరలు. ఖర్చు: ఒక టేపు చుట్ట, కొంచెం నడుం నొప్పి.

అన్నయ్య

*

ఫిబ్రవరి 9

అన్నయ్యా,

తేడా నువ్వు కట్టుకునేట్టయితే దీన్ని వేలం అనరు, దానం అంటారు.

పొద్దున్నుంచీ ఆస్పత్రి బిల్లుల కౌంటర్లో మనుషుల ఏడుపు మొహాలు చూసి, ఇంటికొచ్చి నీ రేడియోల కోసం కంప్యూటరు ముందు కూర్చుంటున్నాను. ఒకడు లోపల పురుగులున్నాయా అని అడుగుతాడు. ఒకావిడ ఆకుపచ్చ రంగులో దొరుకుతుందా అని అడుగుతుంది. ఓపిక లేదు, అయినా అందరికీ జవాబు రాస్తున్నాను. నువ్వు నాకొక్క పని చెయ్యి. ఇకమీదట ముందు పెట్టెలో పెట్టు, తర్వాత తూకం వెయ్యి, మూడు వైపులా కొలువు, అవన్నీ నాకు రాయి. అప్పుడే వేలంలో పెడతాను. పోస్టు ఖర్చు ఒకసారి రాశామంటే తర్వాత కాళ్ళు పట్టుకున్నా ఎవడూ ఎక్కువివ్వడు.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చెప్తున్నాను, విను. విడి వాల్వులు, నాబ్‌లు లాంటి చిల్లర సామాను మామూలు పోస్టులో పడెయ్యి. పోతే డబ్బు తిరిగిచ్చి దణ్ణం పెడదాం. ఓ మాదిరివాటికి నంబరు వేయించు, ఎక్కడిదాకా వెళ్ళిందో తెలుస్తుంది. బాగా ఖరీదైనవాటికి మాత్రం ఇన్సూరెన్స్ చేయించి తీరాలి. విరిగితే కొన్నవాడు పోస్టాఫీసు గొంతు పట్టుకోడు, నా గొంతు పట్టుకుంటాడు.

వెనక గదికి సున్నం వేయించాం. తలుపు కింద చీకిపోయిన చెక్క మీ బావ మార్చాడు, రెండు మేకులు వంకరగా కొట్టాడనుకో. షాపు పోయాక మా దగ్గరికి వచ్చేస్తావా అని పోయిన ఉత్తరంలో అడిగాను. అంతకు ముందు ఉత్తరంలోనూ అడిగాను. నువ్వు పెట్టెల కొలతలు రాస్తున్నావు.

నీ పిచ్చుక

*

ఫిబ్రవరి 17

పిచ్చుకకి,

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. కొలతలు వేరే కాగితం మీద రాసి ఇందులోనే పెట్టాను.

ఇన్సూరెన్స్ గురించి కౌంటరమ్మాయిని అడిగాను. గాజు ఉన్న వస్తువు విరిగితే మా బాధ్యత లేదని ముందు ఒక సంతకం పెట్టించుకుంది. మరి ఇన్సూరెన్స్ చేస్తేనో అన్నాను. అప్పుడు మా బాధ్యతే అంది. అదే పెట్టె, అదే బండి, అదే మనిషి మోస్తాడు. డబ్బు కడితే బాధ్యత పుడుతుంది. నవ్వొచ్చింది కానీ వెనక జనం ఉన్నారు. వస్తువు విలువ ఎంత చెబితే దాన్నిబట్టి కట్టాలట. చెప్పిన విలువకి మించి చిల్లిగవ్వ ఇవ్వరట. అది నాకు న్యాయంగానే తోచింది.

నా మటుకు నాకు, పెట్టె కట్టడం చేతనైనవాడికి ఇన్సూరెన్స్ అక్కరలేదు అనిపిస్తుంది. వాల్వులన్నీ ఊడదీసి, ఒక్కోదానికీ ఏ గూటిదో చీటీ అంటించి, దూదిలో చుట్టి విడిగా పెడుతున్నాను. రేడియో పెట్టెలో కదలకూడదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడాలి. నా చెవిని నమ్మలేక జిరాక్స్ అతని చెవి దగ్గర ఊపుతున్నాను. నిన్న నన్ను చూడగానే షట్టరు సగం దించాడు.

ఇనుప కొట్టు మేడ మీద ఒక గది ఖాళీగా ఉందంటే వెళ్ళి చూశాను. కిటికీ లేదు. అయితే చెమ్మ కూడా లేదు. అద్దె బాగా తక్కువ. ఏప్రిల్ నుంచి తీసుకుంటానేమో అని చెప్పి ఉంచాను.

బావ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మేకులు వంకరపోతే వంగిన వైపు నుంచే చిన్నగా కొడుతూ రమ్మను, సరవుతాయి.

అన్నయ్య

*

ఫిబ్రవరి 24

అన్నయ్యా,

పెద్ద రేడియో అమ్ముడుపోయింది.

చివరి రోజు దాకా ఎవరూ ధర చెప్పలేదు. నేను కూర వేయించుకుంటూ కూర్చున్నాను. ఆఖర్లో ఇద్దరు పట్టుకున్నారు. ఒకడు పెంచితే ఇంకొకడు పెంచాడు. మీ బావ స్టవ్ ఆపేసి వచ్చి నా వెనక నిలబడ్డాడు. చివరికి ఒక పళ్ళ డాక్టరు గెలిచాడు. ధర ఈ కాగితం వెనక రాశాను, కూర్చుని చూడు. తన క్లినిక్కులో పెట్టుకుంటాడట, పళ్ళు పీకించుకునేవాళ్ళు దాన్ని చూసి నొప్పి మర్చిపోతారట.

నాకు సంతోషమూ వేసింది, ఇంకోలాగా కూడా అనిపించింది. ఎవరో పారేసిన సామాను ఏరుకొచ్చి నువ్వు మొట్టమొదట చేసింది అదే కదా. దీపం లేని మన ఇంట్లో నేను దాని డయల్ వెలుతుర్లో హోంవర్కు రాసుకున్నానంటే, దీపమే లేనప్పుడు రేడియోకి కరెంటు ఎక్కణ్ణుంచి వచ్చిందని మీ బావ వెక్కిరిస్తాడు. బల్బు కొనే స్తోమత లేదు, రేడియో ఉంది అంటే నమ్మడు. అమ్మొద్దని నువ్వు ఒక్క మాట అంటావేమో అని చూశాను. అనలేదు. నీకు డబ్బు అవసరం అనుకుని నేనూ ఊరుకున్నాను.

దీనికి ఇన్సూరెన్స్ పూర్తిగా చేయించు. రసీదు జాగ్రత్త.

ఇక ఆ గది. కిటికీ లేని గదిలో ఉంటాననేవాణ్ణి కిటికీ ఉన్న గదికి రమ్మని ఎన్నిసార్లు పిలవను? నీ ఇష్టం. నేనిక అడగను.

చెల్లెలు

*

మార్చి 2

పిచ్చుకకి,

పెద్దదాన్ని పంపించాను. రెండు రోజులు పట్టింది కట్టడానికి. డయల్ గాజు మీద మెత్తటి గుడ్డ, దాని మీద అట్ట, దాని మీద పల్చటి చెక్క. నాలుగు మూలలా స్పాంజి ముక్కలు. పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని ఇంకో పెట్టెలో పెట్టాను. జిరాక్స్ అతను సాయం పట్టాడు. ఊపి చూపించబోతే, అన్నా, కదలట్లేదు, ఒట్టు అన్నాడు.

గది గురించి నువ్వు కోపంగా రాసింది నాకు అర్థం కాలేదు. కిటికీ లేకపోవడం అంత పెద్ద లోపమేం కాదు. ఎండ పడదు, దుమ్ము రాదు.

నువ్వు చెప్పినట్టే ఇన్సూరెన్స్ చేయించాను. కౌంటరమ్మాయి విలువ ఎంత అంది. పళ్ళ డాక్టరు ఇచ్చిన ధర చెప్పడానికి నోరు రాలేదు. అది ఇద్దరి పంతంలో పుట్టిన అంకె, వస్తువులోంచి పుట్టింది కాదు. ఎవరు రేడియో తెచ్చినా విడి సామాను ఖరీదు, నా కూలి, రెండూ కలిపి చెప్పడమే నాకు అలవాటు. దీనికీ అలాగే వేశాను. చెక్కకింత, వాల్వులకింత, కూలి కింద ఇంత. అప్పుడు నేను పని నేర్చుకుంటున్న కుర్రవాణ్ణి కాబట్టి కూలి తక్కువే వేయాలి. అంతా కలిపినా డాక్టరు ధరలో ఐదో వంతు కాలేదు. ఇన్సూరెన్స్‌కి కట్టేది కూడా బాగా తగ్గింది. ఆ మేరకు నీకు మిగిలింది.

దాని చోటు ఖాళీ అయ్యాక గోడ మీద మరక కనిపించింది. ఇన్నాళ్ళూ చూడలేదు.

అన్నయ్య

*

మార్చి 13

అన్నయ్యా,

రేడియో పగిలిపోయి చేరింది. డయల్ గాజు మూడు ముక్కలు. కేబినెట్ అడుగు ఊడి వచ్చింది. డాక్టరు ఫొటోలు పంపించాడు. తిట్టలేదు, అదింకా కష్టంగా ఉంది. నేను తీసుకున్నదంతా తిరిగి ఇచ్చేశాను.

పోస్టాఫీసుకి క్లెయిమ్ పెట్టాను. నువ్వు చెప్పిన విలువ వరకే ఇస్తారట. నేను పూర్తిగా చేయించమన్నాను, పూర్తిగా అంటే కొన్న ధరకి. నీ ఉత్తరం వచ్చిన రోజు నాకు రెండు డ్యూటీలు. పెట్టెలో పెట్టె దాకా చదివి, సరే బాగానే కట్టాడు కదా అని మూసి నిద్రపోయాను. చివరి పేరా ఇవాళ చదివాను.

దాని విలువ తేల్చడానికి నువ్వెవరు? కొన్నవాడు ఒక ధర ఇచ్చాడు. వేరొకడు దానికోసం వాడితో పోటీ పడ్డాడు. వాళ్ళిద్దరికీ తెలియనిది నీకేం తెలిసింది? నీ చేతి పని అనేసరికి ఐదో వంతు. కుర్రాడి కూలి. షాపులోనూ ఇంతే చేశావు జీవితమంతా. నీ విషయంలో నువ్వే తక్కువ కట్టుకుంటావు, తర్వాత ఎవరైనా ఎక్కువిస్తే వాళ్ళది పిచ్చి అంటావు. నేను రమ్మన్నప్పుడూ అదే చేశావు. చెల్లెలు ఏదో మర్యాదకి పిలుస్తోందని ఒక ధర కట్టి పక్కన పెట్టావు.

డాక్టరు ఇచ్చిన డబ్బు ఉందన్న ధీమాతో వెనక గదికి స్నానాలగది కట్టమని మేస్త్రీకి చెప్పాను. రాత్రిళ్ళు నువ్వు వాకిలి దాటి వెళ్ళక్కర్లేకుండా. గోడలు లేచాయి. ఎవరి కోసమని మేస్త్రీ అడిగాడు. ఏం చెప్పను?

ఇంకొక మాట. డాక్టరు రేడియో వెనక్కి పంపించేశాడు. పెట్టె మీద పంపినవారి చిరునామా అని నీ షాపుదే ఉంది. నెలాఖరు దాటి వస్తే అక్కడ షాపు ఉండదు. నీ కొత్త అడ్రసు నాకు తెలీదు. ఆ ఇనుప కొట్టుది రాయి, పోస్టాఫీసుకి చెప్తాను.

చెల్లెలు

*

మార్చి 19

పిచ్చుకకి,

రేడియో పగలడం నా తప్పే. ట్రాన్స్‌ఫార్మర్ విప్పి వేరే పెట్టవలసింది. బరువైనది లోపలే ఉంచి బయట ఎంత గట్టిగా కడితే ఏం లాభం, అది లోపలి నుంచే కొడుతుంది. ఈ పని ఇంకొకరు చేసి ఉంటే నేనే చీవాట్లు పెట్టేవాణ్ణి.

ఇనుప కొట్టు వాళ్ళ గది నా కోసం కాదు. అమ్ముడుపోకుండా మిగిలే రేడియోల కోసం చూశాను.

మూడేళ్ళ కిందట మీ ఇంటికి వచ్చినప్పుడు, భోజనాల దగ్గర, నేనిక ఇక్కడే ఉండిపోవాలని నువ్వు అన్నావు. అప్పుడు బావ, మీ అన్నయ్య ఒక్కడూ రాడు, రేడియోలన్నీ వస్తాయి, మనిద్దరం వరండాలో పడుకోవాలి అన్నాడు. అప్పటికి నా చెవులు బాగానే ఉన్నాయి. బావ అన్నదాంట్లో తప్పు లేదు. చోటు లేని ఇంట్లోకి అన్ని పెట్టెలతో ఎలా వస్తాను? అందుకే ఒక్కటి కూడా మిగలకుండా అమ్మాలనుకున్నాను. పెద్దదాన్ని కూడా అందుకే ఆపలేదు. అన్నీ అయ్యాక వస్తున్నానని రాద్దామని, మధ్యలో రాస్తే రేడియోలతో సహా వస్తానన్నట్టు ఉంటుందని, ఊరుకున్నాను.

నీకు డబ్బు అవసరమై ఇంత తొందరపడి అమ్ముతున్నావనుకున్నాను. డబ్బు నాకే అవసరమని నువ్వు అనుకున్నావని ఇప్పుడు తెలిసింది.

స్నానాలగది తలుపు లోపలికి కాకుండా బయటికి తెరుచుకునేలా పెట్టమని మేస్త్రీకి చెప్పు. లోపల చోటు కలిసొస్తుంది.

అన్నయ్య

*

మార్చి 23

అన్నయ్యా,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. విన్నాక లేచి వెనక గదిలోకి వెళ్ళి సుత్తి చప్పుళ్ళు చేశాడు. ఎందుకని అడిగాను. కింద తనే రాస్తానన్నాడు.

మూడేళ్ళు, అన్నయ్యా. వేళాకోళానికి అన్న ముక్కని మూడేళ్ళు దాచావు. నాకు ఒక కార్డు ముక్క రాస్తే మీ బావని అప్పుడే దులిపేసేదాన్ని. నేను తక్కువదాన్నా, ఇక అడగనని రాసి కూర్చున్నాను. ఇద్దరం ఒక తల్లి పిల్లలమే.

నీ పిచ్చుక

బావా, నమస్కారం. నాకు రాయడం రాదు, మీ చెల్లెలు పక్కనుంచి తప్పులు దిద్దుతోంది. వరండాలో పడుకోవాలి అన్నది నిజమే. నేను ఎండాకాలం అంతా వరండాలోనే పడుకుంటాను, మీ చెల్లెల్ని అడుగు. ఆవిడ గురక రేడియో కంటే గట్టిది. ఆ వాక్యం కొట్టేయమంటోంది, కొట్టేయను. నీ గదిలో గోడ పొడవునా అర కొట్టాను. మళ్ళీ మేకులు వంకరపోయాయి. నువ్వు చెప్పిన చిట్కా చేస్తే సుత్తి వేలి మీద పడింది. అర మాత్రం గట్టిది, నేను ఎక్కి నిలబడి చూశాను. నువ్వు మిగిలిన రేడియోలతో రాకపోతే మీ చెల్లెలు దాని మీద పాత పేపర్లు పేరుస్తుంది. ఆ రేడియోలు ఎలాగూ అమ్ముడుపోవు.

*

మార్చి 30

పిచ్చుకకి, బావకి,

రేడియో పోయిన వారం షాపుకే వచ్చింది. కేబినెట్ అడుగు మళ్ళీ అతికించి మరలు వేశాను. డయల్‌కి కొత్త గాజు కోశాను. గీతలు గీశాను కానీ స్టేషన్ల ఊళ్ళ పేర్లు రాయలేదు. పిచ్చుక అక్షరాలు బాగుంటాయి, అక్కడికి వచ్చాక తను రాస్తుంది. నిన్న పెట్టి చూస్తే పాడింది. నాకు సగమే వినిపించింది. జిరాక్స్ అతను వచ్చి, అన్నా, కొంచెం తగ్గించు, వీధి చివరిదాకా వినిపిస్తోంది అన్నాడు. అంటే బాగైనట్టే.

క్లెయిమ్ డబ్బు ఎంత వస్తే అంత మేస్త్రీకి ఇచ్చెయ్యి. ఇనుప కొట్టు వాళ్ళకి గది వద్దని చెప్పేశాను. మిగిలిన రేడియోలు మూడే. జిరాక్స్ అతను ఒకటి అడిగితే ఇచ్చాను. దానికి ధర కట్టలేదు, కోప్పడకు, ఇన్నాళ్ళూ ఊపి చూసిన చెవికి కూలి. తక్కిన రెండూ, పనిముట్ల పెట్టె, పెద్ద రేడియో ఇవాళ పోస్టులో వేశాను. ఈసారి ట్రాన్స్‌ఫార్మర్ విప్పి వేరే కట్టాను.

కౌంటరమ్మాయి పెద్ద పెట్టె తూకం వేసి, దీని విలువ ఎంత అంది. పళ్ళ డాక్టరు ఇచ్చిన ధర చెప్పాను. పోయినసారి ఇంత లేదే అంది. పోయినసారి తప్పు చెప్పానని అన్నాను. ఇన్సూరెన్స్ చాలానే అయింది. కట్టాను.

తర్వాత చీటీ చూసి, అందుకునేవారి చిరునామా సరే, పంపినవారిది కూడా ఇదే రాశారేంటి అంది. షాపు తాళాలు పొద్దున్నే ఓనరుకి ఇచ్చేశాను. పెట్టె ఎక్కడైనా ఆగిపోతే తిరిగి ఎక్కడికి పంపాలమ్మా మరి, అదే నా ఇల్లు అన్నాను. సరేనని ముద్ర వేసింది.

నేను గురువారం బస్సుకి వస్తున్నాను. చేతిలో ఒక సంచీ తప్ప బరువేమీ ఉండదు, బావని స్టాండుకి రావద్దని చెప్పు, మోకాళ్ళు. పెట్టె నాకంటే ముందు వస్తే నువ్వు సంతకం పెట్టి తీసుకో. నేను ముందు వస్తే నేనే పెడతాను.

అన్నయ్య